ఒక్క గుర్తు దిద్దితే...

(కొత్తచెరువులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, మన హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1982 డిసెంబరు 17న. అందుకే ఈ రోజు మనకు పండుగ. అదే నెలలో అమెరికాలో ఆటోక్యాడ్ అనే కంప్యూటర్ డ్రాయింగు ప్రోగ్రాం విడుదలైంది. జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమాస్తాకు దానితో పనేమిటంటారా? మా ఇంటి బాత్‌రూం వాకిలి వల్ల పని పడింది.

నా మనవరాలు హిందూపురంలో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఒకనాడు పక్కన కూర్చుని చూశాను. వాకిలి, కిటికీ, మంచం, కొళాయి ఏదీ కొత్తగా గీయదు. ఒకసారి గీసి దాచిన గుర్తును తెచ్చి కావలసిన చోట పెడుతుంది. అలాంటి గుర్తును ‘బ్లాక్’ అనీ, అన్నీ కలిపి దాచిన చోటును ‘సింబల్ లైబ్రరీ’ అనీ అంటారట. ధర్మవరం మగ్గం ఎరిగిన మనకు ఇది వింత కాదు. జకార్డు అట్టలు ఒకసారి కొట్టించి పెట్టుకుంటే అదే బుటా చీర పొడుగునా పడుతుంది గదా! కంప్యూటరులో ఇంకో సౌకర్యం ఉంది. మూలగుర్తును మారిస్తే ఆ డ్రాయింగులో దాన్ని పెట్టిన ప్రతిచోటా మారిపోతుంది. ఈ పద్ధతిని 1963లోనే అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్‌లో చూపించాడు.

సౌకర్యం ఎంతో ప్రమాదమూ అంతే. ఉద్యోగంలో ఉండగా ఒకసారి సైక్లోస్టయిల్ స్టెన్సిల్‌లో తేదీ తప్పు కొట్టాను. 60 ప్రతుల్లోనూ అదే తప్పు! పొద్దుపోయేదాకా కూర్చుని అన్నీ చేత్తో దిద్దాను.

కిందటేడు నా భార్య జారిపడింది, తుంటి ఎముక విరిగింది. చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చాం. బాత్‌రూం వాకిలి 30 అంగుళాలు. ద్వారబంధం పోగా మిగిలింది 24. కుర్చీ పట్టలేదు. ప్రతిసారీ ఇద్దరు ఎత్తి తీసుకుపోవాలి. ఆమె ఒక్క మాట అనలేదు గానీ, నీళ్ళు తాగడం తగ్గించేసింది.

మనవరాలు వచ్చి టేపుతో కొలిచింది. “తాతా, మా లైబ్రరీలో ఉన్న బాత్‌రూం వాకిలీ ఇంతే. ఎన్ని ఇళ్ళకు పెట్టానో!” అంది. “తెలిసింది గదమ్మా, దిద్దు” అన్నాను.

వృద్ధుల, దివ్యాంగుల సౌకర్యం కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలలో వాకిలికి 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఉంది. ఆ కొలతతో కొత్త గుర్తు చేసింది. అయితే పాత ప్లాన్లు వాటంతట అవి మారవు. ఒక్కొక్కటి తెరిచి మార్చాలి, గోడలో సందు కూడా పెంచాలి. మేస్త్రీ చేతికి పోయిన కాగితం అసలే మారదు. అందుకని గోడలు లేవని ఇళ్ళవాళ్ళకు తానే ఫోను చేసి చెప్పింది.

మా గోడ పగలగొట్టించాను. ఇప్పుడు ఆమె తన కుర్చీ తానే తోసుకుంటూ వెళ్ళివస్తోంది.

మీ పిల్లలు ఇల్లు కడుతుంటే ప్లాను అడిగి తీసుకోండి. గుర్తు చూసి ఊరుకోక పక్కనున్న అంకె చదవండి. మన ఈడువారి అవసరాలు మనం నోరు తెరిచి చెబితేనే ఆ లైబ్రరీలోకి ఎక్కుతాయి.

సెలవు.