పండ్ల తీపితో పిల్లల మఫిన్లు

ఈ ప్రసంగంలో మన వంటింటినే ప్రయోగశాలగా చేసుకుందాం. చక్కెర వేయకుండా, పండ్ల తీపితోనే పిల్లలకు మఫిన్లు ఎలా చేయవచ్చో, అవి ఎందుకు పొంగుతాయో తెలుసుకుందాం.

ముందుగా ఒక చిన్న లెక్క. పన్నెండు మఫిన్లకు 180 గ్రాముల చక్కెర వేశామనుకోండి. ఒక్కొక్క దానిలో 15 గ్రాములు ఉంటుంది. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,360 కిలోక్యాలరీల శక్తి కావాలి. మనం కలిపే చక్కెరతోపాటు తేనె, పళ్లరసాలలో ఉండే చక్కెరలను కూడా 'విడి చక్కెరలు' అంటారు. వీటినుంచి వచ్చే శక్తి పది శాతం మించకూడదనీ, ఐదు శాతంలోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 1,360లో ఐదు శాతం అంటే 68 కిలోక్యాలరీలు. గ్రాముకు నాలుగు చొప్పున అది 17 గ్రాముల చక్కెర. ఒక్క మఫిన్‌తోనే ఆ హద్దు దాదాపు నిండిపోయింది! పాలలో వేసే చక్కెర, బిస్కట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే సి.బి.ఎస్.ఇ. 2025 మే నెలలో తన పాఠశాలల్లో 'షుగర్ బోర్డులు' పెట్టమని చెప్పింది ఈ కారణంగానే.

"చక్కెర బదులు బెల్లం వేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. అనకాపల్లి బెల్లమైనా, ముజఫర్‌నగర్ బెల్లమైనా విడి చక్కెర కిందికే వస్తుంది. పండులోని చక్కెర మాత్రం కణాల గోడల మధ్య, పీచుతో కలిసి ఉంటుంది. కనుక పండును పండుగా తింటే దాన్ని ఆ లెక్కలో చేర్చరు. అయితే మిక్సీలో మెత్తగా రుబ్బితే ఆ గోడలు పగిలి చక్కెర బయటపడుతుంది. అందుకే పండును ఫోర్కుతో మెదపండి. చిన్న చిన్న ముక్కలు మిగిలినా ఫరవాలేదు.

ఏ పండు తీసుకోవాలి? బాగా మాగిన అరటిపండు. కాయలోని పిండిపదార్థాన్ని ఎంజైములు క్రమంగా చక్కెరలుగా మారుస్తాయి. ఆజాద్‌పూర్ మండీ నుంచి వచ్చిన పండు పచ్చగా మెరిసినంత మాత్రాన చాలదు, తొక్కమీద గోధుమరంగు చుక్కలు రావాలి. ఢిల్లీ చలికాలంలో ఒక సంగతి గమనించండి. సుమారు 13 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే తొక్క నల్లబడుతుంది గాని, పండు సరిగా మాగదు. అప్పుడు ఒక ఆపిల్‌తో కలిపి కాగితం సంచిలో వేసి, వెచ్చని చోట ఉంచండి. ఆపిల్ విడుదలచేసే ఇథిలీన్ వాయువు అరటిని పండిస్తుంది.

ఇప్పుడు తయారీ. మూడు పెద్ద అరటిపండ్లు మెదపండి. ఆరు ఖర్జూరాలు గింజలు తీసి, వేడినీటిలో నానబెట్టి, సన్నగా తరగండి. వీటిలో అరకప్పు పెరుగు, పావుకప్పు నూనె కలపండి. వేరే గిన్నెలో ఒకటిన్నర కప్పుల గోధుమపిండి, ఒక టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా, కొద్దిగా యాలకుల పొడి కలిపి జల్లించండి. జల్లెడలో మిగిలిన పొట్టును పారేయకండి, తిరిగి పిండిలోనే కలపండి. రెండు మిశ్రమాలనూ పొడిపిండి కనబడనంతవరకే కలపండి. ఎక్కువ కలిపితే గ్లూటెన్ బిగిసి మఫిన్ సాగుతుంది. చక్కెర తీపినే కాక మెత్తదనాన్నీ ఇస్తుంది. ఇక్కడ ఆ పని పండు గుజ్జు, నూనె చేస్తాయి.

మఫిన్ ఎందుకు పొంగుతుంది? ఒక గ్లాసులో పెరుగు తీసుకుని చిటికెడు వంటసోడా వేసి మీ పిల్లలకు చూపించండి. పెరుగులోని ఆమ్లంతో సోడా చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ బుడగలను ఇస్తుంది. ఓవెన్ వేడికి ఆ బుడగలు వ్యాకోచిస్తాయి. చుట్టూ ఉన్న పిండి గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడుతుంది. అందుకే పిండి కలిపాక ఆలస్యం చేయకూడదు.

ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచండి. గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే ఉడికినట్లే.

కొన్ని జాగ్రత్తలు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. అందులో ఉండగల బొటులిజం బీజాలు ఓవెన్ వేడికి చావవు. చిన్నపిల్లల మఫిన్లలో జీడిపప్పు, బాదం పలుకులుగా వేయకండి, గొంతుకు అడ్డుపడవచ్చు. ఖర్జూరం పళ్లకు అంటుకుంటుంది కనుక తిన్నాక నోరు పుక్కిలించమనండి.

ఇవి బజారు మఫిన్లంత తియ్యగా ఉండవు. మొదటిసారి మీ పాప పక్కకు నెట్టవచ్చు. బలవంతం చేయకండి, చక్కెరా చల్లకండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ పెట్టండి. నాలుక దేనికి అలవాటుపడితే దాన్నే తీపి అనుకుంటుంది. ఆ అలవాటు ఈ వయసులోనే పడుతుంది. ఈ ఆదివారం అరటిపండు మెదిపే పని మీ పిల్లలకే అప్పగించి చూడండి.