తరిమెన విద్య: దాచుటయా, చూపుటయా?

(సంఘ వార్షిక మహాసభయందు పని చేసి చూపుచు గావించిన ఉపన్యాసము)



మహాసభలయందు ఉపన్యసించుటకు పండితులను రావించుట మనవారి వాడుక. ఈ సంవత్సరము కార్యనిర్వాహకవర్గమువారు చేతిపనివారమైన మమ్ము రావించి, నోటితో చెప్పుటయేగాక పని చేసి చూపవలసినదని కోరిరి. ఈ కోరికను మేము సంతోషముతో అంగీకరించితిమి. ఏలనన, నేడు మేము విన్నవింపదలచినదియు పని చేసి చూపుటను గుఱించియే. వేదికకు ఎడమప్రక్క కానవచ్చు కొయ్యచట్రము మా తరిమెన. ఇందూరు బజారులో దీనిని ఖరాదు అందురు. నేటి బాలురకు లేతు మిషన్ అనినగాని తెలియదు. పేరేదైనను కీలకమొక్కటియే. తక్కిన వడ్రంగపు పనులయందు కొయ్య నిలిచియుండును, పనిముట్టు కదలును. ఇచ్చట కొయ్య తిరుగును, ఉలి నిలుచును.

ఈ పనిముట్టునకు పురాణములలో గొప్ప చోటు కలదు. సూర్యుని భార్యయగు సంజ్ఞాదేవి మన విశ్వకర్మకు కూతురు. ఆమె భర్త తేజమును తాళజాలక తొలగిపోయెను. అంతట మామగారు అల్లుని తరిమెన కెక్కించి, ఆ తేజమును కొంత తఱిగివేసెను. తఱిగిన తేజముతో విష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును, కుమారస్వామికి శక్తిని చేసెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. కాళిదాసు రఘువంశము ఆఱవ సర్గమున, ఇందుమతీ స్వయంవరమునకు వచ్చిన అవంతిరాజును వర్ణించుచు, త్వష్ట చక్రమున కెక్కించి యత్నముతో చెక్కిన సూర్యునితో పోల్చెను. ఈ కథలో మాకు మిక్కిలి నచ్చిన దేమనగా, విశ్వకర్మ తఱుగును సైతము పాఱవేయలేదు. మా యింట తరిమెనక్రింది పొట్టు పొయ్యిలోనికే పోవుచున్నది. అంతవఱకు మేము ఆయన సంప్రదాయమునకు దూరమైతిమి.

పురాణగౌరవముతో కడుపు నిండదుగదా! మన ప్రాంతమున ఈ పనికి అన్నము పెట్టినవి నీరును, చెఱకును. మా తాతగారి చిన్ననాట తరిమెనకు వచ్చు పని కొంచెమే. కవ్వములు, అప్పడాల కఱ్ఱలు, ఉయ్యాల కడ్డీలు, గిలకలు, పిల్లల బొంగరములు, ఎవరైన కలిగినవారు అడిగిన పట్టెమంచపు కోళ్లు. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తియైనది. కాలువ పాఱిన పొలములలో వరియు చెఱకును విస్తరించెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమై, బోధను ప్రక్కన శక్కర్‌నగర్ వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండమునందే పెద్దదని దానికి పేరు. కోస్తాజిల్లాలనుండి రైతులు వచ్చి కాలువలవెంట భూములు కొని ఊళ్లు కట్టుకొనిరి. వానిని నేటికిని క్యాంపులనియే పిలుతుము. వారితో వారి వంట వచ్చినది, మాటతీరు వచ్చినది, మంచముల తీరును వచ్చినది. ఇచ్చటి కోడు పొట్టిగ, బలిసి యుండెడిది. వారు సన్నని నడుమును, గుమ్మటమువంటి తలయు గల కోళ్లను అడిగిరి. మా తాతగారు రెండును నేర్చిరి. చెఱకుసొమ్ము చేతికివచ్చిన నెలలే తమకు పెండ్లిమంచముల నెలలని ఆయన చెప్పుచుండెడివారు.

ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి మాఱినది, 2015 డిసెంబరులో నిలిచిపోయినది. మన సభలలో దానితోనే మన పనియు పోయినదని తఱచు వినుచుందుము. ఇది పూర్తిగా నిజము కాదని మా అభిప్రాయము. చెఱకుబండ్లతో బ్రదికిన చక్రములవారికి, కమ్మరులకు దెబ్బ తగిలినమాట సత్యమే. కాని తరిమెనకు దెబ్బ అంతకుముందే తగిలినది. నవారుమంచము పోయి పెట్టెమంచము వచ్చెను. దానికి కోళ్లే లేవు. కవ్వము స్థానమున మిక్సీ వచ్చెను. గిలక ఇనుపదయ్యెను, పిమ్మట బావియే పోయెను. కర్మాగారము తెఱచినను ఇవి మరలి రావు. కావున మన దారి మనమే వెదకుకొనవలెను.

కొత్త రూపములు మీకు ఎచ్చటనుండి తోచునని పలువురు అడుగుదురు. మా పినతండ్రిగారు మాకు పని నేర్పిన రోజులలో ఒక చెఱకుగడను మా చేతికిచ్చి, దీనిని చూచి కోడు చేయుమనిరి. తామును ఒక గడను శ్రద్ధగా పరికించుడు. కణుపుల నడిమి దూరము మొదట పొట్టి, నడుమ పొడుగు, కొనవైపు మరల పొట్టి. కణుపు ఉబ్బియుండును, దాని క్రింద తెల్లని మైనపు పట్టె సన్నగ నుండును. ఆ కొలతతో వలయములు పెట్టిన కోడు నిలుచున్నట్లుండును. సమానదూరమున పెట్టిన కోడు పేర్చినట్లుండును. ఆ మైనపు పట్టె యున్నచోట మేము సన్నని లక్కగీత వేయుదుము. ఇట్లే కంచరి సోదరుల చెంబు మెడనుండి, కుమ్మరి కడవ పొట్టనుండి గ్రహించినవి పెక్కులు. రుద్రదేవుడు 1163లో కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడికి పోయినపుడు మూలవిరాట్టును సేవించి, ఆపైన స్తంభములయొద్ద ఒక పూట కూర్చుండుడు. ఆ నల్లరాతి వలయముల అంచు ఎంత వాడియో, దానిక్రింది నీడ అంత నలుపు. అలంకారమంతయు నీడ చేయుచున్నది; ఉలి ఆ నీడకు చోటు చేసినదంతే. గీతలోతు పెంచినచో అందము పెరుగునని తలచు పనివారు మనలో చాలమంది కలరు. వారు ఆ స్తంభములను చూడవలెను.

ఇక పని చూడుడు. ఈ ముక్క అంకుడు కొయ్య. తెల్లనిది, మెత్తనిది, నారలేనట్లు తెగును. వరాహనదీతీరమున నున్న ఏటికొప్పాకవారును, కర్ణాటకమున చెన్నపట్నమువారును తమ లక్కబొమ్మలకు దీనినే వాడుదురు. మనకు దాపున గోదావరి కావల నిర్మల బొమ్మలు పొణికి కొయ్యతో జరుగును గాని, అవి చెక్కి అతికి రంగు వేయునవి, తరిమెనపని కాదు. ముక్కను రెండు మేకుల నడుమ బిగించితిమి. మా మేనల్లుడు త్రాటిని ముందునకు వెనుకకు లాగుచున్నాడు. కొయ్య మావైపు తిరిగి క్రిందికి వచ్చునపుడే ఉలి కోయును. వెనుకకు మరలునపుడు వెండ్రుకవాసి తొలగింపవలెను. లాగువానికిని కోయువానికిని ఊపిరి కలియనిచో ముక్క ఎగిరిపోవును. అందుచేతనే మా పెద్దలు త్రాడు లాగువానిని కూలివాడనక జోడు అనెడివారు.

చప్పుడు వినుడు. ఇప్పుడు టకటక మనుచున్నది. పలకలు ఇంకను పోలేదు. ఇప్పుడు శ్రుతి ఒక్కటియైనది; ముక్క గుండ్రమైనదని కంటికంటె ముందు చెవి చెప్పినది. పొట్టు పొడవుగ చుట్టలుచుట్టుకొని వచ్చినచో ఉలి కోయుచున్నది. పొడిగ రాలినచో ఉలి గీకుచున్నది, సానకు పోవలసిన వేళ వచ్చినది. టేకుకొయ్యలో ఇసుకవంటి సిలికా యుండుటచే అది ఉలిని త్వరగా మొద్దు చేయును. కూలగొట్టిన పాతయిండ్ల టేకుదూలములు మాకిప్పుడు మంచి ఆధారము. అవి బాగుగ ఎండినవి. కాని లోపల మేకు దాగియుండును. ముందు అయస్కాంతముతో తడవి చూచినగాని తరిమెన కెక్కింపరాదు.

మోటారు తరిమెనకు వేగము తెలిసి వాడవలెను. నాలుగంగుళముల లావుగల ముక్క నిమిషమునకు 1,000 చుట్లు తిరిగినచో దాని అంచు నిమిషమునకు 1,047 అడుగులు పరుగెత్తును. ఎనిమిదంగుళములదైనచో అదే చుట్లకు దానికి రెట్టింపు. లావు పెరిగినకొలది చుట్లు తగ్గింపవలెనని ఈ లెక్కయే చెప్పుచున్నది. తరిమెనకు దగ్గఱ ఉత్తరీయము, పైట, వ్రేలాడు జడ, చేతిగడియారము, ఉంగరము ఉండరాదు. మనవారు యజ్ఞోపవీతమును బనియనులోపలికి దోపుకొనవలెను. దీనివలన ఆచారభంగమేమియు లేదు.

ఇప్పుడు లక్క. రంగు కలిపిన లక్కపుల్లను తిరుగుచున్న కొయ్యకు ఒత్తినచో రాపిడివేడికే కరగి పట్టును. నిప్పుతో పనిలేదు. ఆపైన మొగలిరేకుతో అదిమి రుద్దినచో ఇదుగో, ఈ మెఱుగు. ఈ పసుపుపచ్చ మన పసుపుకొమ్ములదే. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధానకార్యాలయము మన నిజామాబాదుననే ప్రారంభమైనది. బొంగరమునకు పసుపు కొఱత రాదని ఆశింతము! అయితే ఈ రంగు ఎండకు తాళదు. కిటికీయొద్ద నుంచిన వెలసిపోవును. ఈ సంగతి కొనువారికి అమ్మకముందే చెప్పవలయును.

ఈ బొంగరమునకు పావుగంట పట్టినది. దీనిని చూచుచున్న ముందువరుస బాలురు కదలలేదు. పోషకమహాశయులును కదలలేదని మేము గమనించితిమి. మేము విన్నవింపవలసిన మాట ఇందులోనే యున్నది.

విద్యను అంగటిలో పెట్టరాదని మన పెద్దల నిషేధము. మా తండ్రిగారు తలుపు మూసి లక్క పట్టించెడివారు. ఇరుగుపొరుగు బిడ్డలు గవాక్షమునుండి తొంగిచూచిన కసరెడివారు. వారి భయము నిరాధారము కాదు. ఒక బజారులో ఐదు తరిమెనలున్న కాలమున పోటీ పొరుగింటినుండియే వచ్చెడిది. కాని ప్రియసోదరులారా, విచారింపుడు. ప్లాస్టిక్ బొంగరము మన గవాక్షమున తొంగిచూచి మన రహస్యమును గ్రహించి వచ్చినదా? దూరదేశపు యంత్రములలో రోజునకు వేలకొలది తయారగు అప్పడాల కఱ్ఱలు మా తండ్రిగారి లక్కపాకము తెలిసికొని వచ్చినవా? మూసిన తలుపు పోటీని ఆపలేదు. మనకును కొనువారికిని నడుమ మాత్రము అడ్డుగోడయైనది. ఇక చేతిలోని విద్య చూచినంతమాత్రమున పోవునది కాదు. ఈ ఉలిని ఏ కోణమున ఆనించితిమో తామందఱు చూచితిరి. రేపు వచ్చి కోయుడు; మొదటి ముక్క గోడకు తగులును.

ఒక వర్తకుడు, పేరుతో పనిలేదు, మాయొద్ద చాలకాలము అప్పడాల కఱ్ఱలు కొని అంగడిలో గుట్టగా పోసి అమ్మెడివాడు. యంత్రపు సరకు వచ్చిన వెంటనే సగము ధరకు ఇత్తురా, మానుదురా అని అడిగెను. మానితిమి. ఆ సంవత్సరమే ఒక జాతరలో చిన్న మోటారు తరిమెనను పెట్టుకొని కూర్చుంటిమి. ఒక ఇల్లాలు వచ్చి ధర విని, ఇంతయా అని పోబోయి, చింతమొద్దు తిరుగుట చూచి నిలిచెను. కఱ్ఱ నడుమ గోటిమందము లావుగనుండి అంచులకు సన్నగిలుట ఎందులకని అడిగెను. అప్పడము అంచు చీలకుండుటకని చెప్పి, అక్కడనే రెండు చేసి చూపితిమి. ఆమె అడిగిన తరువాతి ప్రశ్న ధరను గూర్చి కాదు. చింత మంచిదా, వేప మంచిదా అని. ఆమె అక్కచెల్లెండ్రతో మరల వచ్చెను. ఈ విద్యలో దాచవలసినదేమియు మాకప్పుడు కానరాలేదు.

చూపుటవలన మఱియొక లాభము. పచ్చికొయ్యతో చేసిన గిన్నె ఎండినపిదప కోలగ మాఱును. కొయ్య తన వలయములవెంట కుదించుకొనునది, అడ్డముగ కుదించుకొనుదానికి ఇంచుమించు రెట్టింపు గనుక. అందుచేత పదియంగుళముల గిన్నెను ముందు అంగుళము మందముగ మోటుగ తిప్పి, అడ్డుకోతలకు మైనము పూసి, నెలలకొలది నీడలో నుంచి, మరల తరిమెన కెక్కింతుము. మోటుగిన్నెను, ఎండిన గిన్నెను ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో, ఆ నెలల వెల అడుగుటకు మనకు సంకోచముండదు, ఇచ్చుటకు వారికిని ఉండదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అచ్చట సహజవర్ణములకై కృషిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. వారి రంగు ఏ గింజనుండి, ఏ ఆకునుండి వచ్చునో నేడు దేశమునకు తెలియును. తెలియుటవలన వారి పని తగ్గలేదు, గౌరవము పెరిగినది.

కావున మహాసభవారికి మా ప్రార్థన యిది. నిజామాబాదులోని మన విద్యార్థివసతిగృహపు ముందుగది బజారువైపు తెఱచియున్నది. నేడది కుర్చీలు పేర్చుటకు ఉపయోగపడుచున్నది. అందులో ఒక మోటారు తరిమెనను, ఒక త్రాటి తరిమెనను పెట్టుదము. త్రాటి తరిమెన మా తాతగారిది. దానిని మేము సంఘమునకు సమర్పించుచున్నాము. వారమునకు రెండు సాయంకాలములు మేము వచ్చి పనిచేయుదుము, వచ్చిన బిడ్డలకు నేర్పుదుము. బాలికలను రానిత్తురా అని నిన్న ఒకరు అడిగిరి. మా పెద్దమ్మాయి లక్కపట్టుటలో మమ్ము మించినది. ఇంతకంటె జవాబు మాయొద్ద లేదు. అన్యకులముల బిడ్డలు వచ్చినను కాదనరాదని మా మనవి. ఈ మాటకు కొందఱు పెద్దలు కనుబొమ్మలు ముడిచిరి. మన పిల్లలు పట్టణములలో ఇతరుల విద్యలన్నియు నేర్చుచున్నారుగదా. వారి గురువులు కులమడిగిరా? మా యింట తరిమెన పట్టుటకు కుమారుడు లేడు, మా జోడుగానున్న మేనల్లుడు వచ్చే జ్యేష్ఠమున ఉద్యోగమునకు హైదరాబాదు పోవుచున్నాడు. త్రాడు పట్టుకొను చేయి ఏ యింటిదైనను మాకు కావలెను.

పోషకమహాశయులు విరాళము లిత్తురని ఎఱుగుదుము. విరాళముకంటె పని ఇచ్చుట మేలు. పెండ్లిండ్లలో స్టీలుగిన్నెలు పంచుటకు మాఱు లక్కకుంకుమభరిణలు పంచుడు. మూడు నెలలముందు చెప్పినచో కొయ్య ఎండుటకు వేళ దొరకును. ముందుగదికి విద్యుత్తు తీగ వేయింపవలసియున్నది. కుర్చీలను వెనుకగదిలోనికి మార్పవలసియున్నది. ఈ రెంటికి అనుమతి నొసంగు తీర్మానమును మధ్యాహ్నపు సమావేశమున సభవారి ముందుంచుచున్నాము.