కేబుల్ బిల్లు, నెట్ బిల్లు: అడిగి తగ్గించుకోవడం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, ఈసారి మీరేదైనా నాలుగు మాటలు చెప్పండి, జనానికి పనికివచ్చేదిగా ఉండాలి" అన్నారు. చదువును గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను ఉర్దూ మీడియం హైస్కూలులో లెక్కలు చెప్పేవాణ్ణి. చదువును గురించి ఈ వేదిక మీద నాకంటె పెద్దలు చాలాసార్లు చెప్పారు. కావున నేను ఈ రోజు టీవీ బిల్లు, ఇంటర్నెట్ బిల్లు గురించి మాట్లాడదలచాను. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, కాని కాస్త వినండి.

పోయిన ఏడాది విద్యార్థి వేతనాల దరఖాస్తులు చూచే పని నాకు అప్పగించారు. ఆ ఫారములో ఇంటి ఖర్చులు వ్రాసే గడి ఒకటి ఉన్నది. కేబుల్, నెట్ కింద ఒకరు నెలకు తొమ్మిది వందలని, ఇంకొకరు పదకొండు వందలని వ్రాశారు. లెక్కల మాస్టారును గదా, ఊరుకోలేక పన్నెండుతో హెచ్చవేశాను. ఒకరికి 10,800, మరొకరికి 13,200. మనం ఒక పిల్లవాడికి ఏడాదికి ఇచ్చే సాయం ఇందులో సగం కూడా లేదు. చందాలు పోగుచేసి మనం ఇస్తున్న సొమ్ముకు రెట్టింపు ఆ ఇంటి గోడకున్న తీగ గుండా పోతున్నది.

అట్లని టీవీ తీసివేయండి, నెట్ కోయించండి అని నేను చెప్పడం లేదు. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో బడి పాఠాలు టీ-శాట్‌లోను, దూరదర్శన్ యాదగిరిలోను మొదలైనప్పుడు నెట్ లేని ఇంటి పిల్లలు పక్కింటి గుమ్మంలో కూర్చున్న సంగతి మీరూ చూశారు, నేనూ చూశాను. కొడుకు దమ్మాములో ఉంటే తల్లి వాడి ముఖం చూచేది ఆ తీగ వల్లనే. ఆ తీగ ఉండవలసిందే. దాని ధర మాత్రం మనం అనుకున్నట్లు రాతి మీద చెక్కిన ధర కాదు. మనవాళ్ళు కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకు పావుగంట బేరమాడతారు. ఇక్కడ మాత్రం ఫోనుకు మెసేజీ రాగానే కట్టివేస్తారు.

నేనూ అట్లనే కట్టాను. మూడేళ్ళపాటు. నా నెట్ ప్లాను 699 రూపాయలు. దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ కలిపితే 824 రూపాయల 82 పైసలు. ఒకనాడు మా వీధి చివర ఇంట్లో కొత్తగా కనెక్షన్ పెట్టించుకున్న ఒక యువకుడు, అదే కంపెనీ, అదే వేగం, తాను 499 కడుతున్నానన్నాడు. పన్నుతో 588 రూపాయల 82 పైసలు. నాకు నమ్మకం కలుగలేదు, వాని బిల్లు తెప్పించి చూశాను. నిజమే. మూడేళ్ళ పాత ఖాతాదారునికి ఎక్కువ, నిన్న వచ్చినవానికి తక్కువ! తరువాత నాకు తెలిసింది, కంపెనీ ధర తగ్గించినప్పుడు పాతవారి ప్లాను తనంత తానే మారదని. మనం అడిగి మార్పించుకొనాలి. ధర తగ్గిందని పాతవారికి ఎవరూ చీటీ పంపరు.

మరునాడు కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. మొదటి అమ్మాయి, "సార్, మీ ప్లానుకు ఆఫర్ ఏమీ లేదు" అన్నది. నేను కోపపడలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తున్నది, ధర నిర్ణయించేది ఆమె కాదు. "అమ్మా, కొత్తవారికి 499కి ఇస్తున్నారు. నాకూ అదే ఇవ్వండి. కుదరదంటే ఈ నెలాఖరుతో కనెక్షన్ తీసివేయమని వ్రాసుకోండి" అన్నాను. అప్పుడు ఫోను ఇంకొకరికి ఇచ్చారు. కనెక్షన్ వదులుకొంటామనే వారితో మాట్లాడేందుకు వారి దగ్గర వేరే మనుషులు ఉంటారు, తగ్గించే అధికారం ఉండేది వారికే. ఆయన రెండు నిమిషాలు నన్ను ఆగమని, 499 ప్లాను వచ్చే నెల నుంచి వేస్తామన్నాడు. "మాటగా కాదు, మెసేజీగా పంపండి" అన్నాను. పంపాడు. నెలకు 236 రూపాయలు, ఏడాదికి 2,832. పదిహేను నిమిషాల ఫోను.

ఇందులో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. తీసివేయమని ఉత్తుత్తిగా అనరాదు. వేరే కంపెనీ తీగ మీ గల్లీలోకి వచ్చిందో లేదో ముందుగా తెలుసుకొని అనవలె. వాడు "సరే" అంటే ఏం చేస్తారు? మొబైల్ నంబరు వలె నెట్ కనెక్షన్‌ను ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి మార్చుకొనే పద్ధతి లేదు. కొత్తది పెట్టించి, పాతది తీయించవలసిందే. పాతది తీయించేటప్పుడు రౌటరుకు కట్టిన డిపాజిట్ మన సొమ్మన్న సంగతి మరువకండి. గడువు తీరడానికి వారం ముందు మాట్లాడండి. గడువు తీరి, నెట్ ఆగిపోయి, పిల్లలు గోల చేస్తున్నప్పుడు బేరం సాగదు.

ధర తగ్గడానికి కారణం కూడా చెబుతాను. జియోఫైబర్ 2019 సెప్టెంబరు 5న వచ్చినప్పుడు దాని మొదటి మెట్టు 699 రూపాయలు. ఏడాది తిరిగేసరికి, 2020 సెప్టెంబరులో, సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో 399 ప్లాను పెట్టారు. పోటీలో ఇతరులు కూడా దిగవలసి వచ్చింది. ఎక్కడ రెండు మూడు కంపెనీల తీగలు ఉన్నాయో అక్కడ మనకు బలం. ఒక్క తీగే ఉన్న ఇరుకు గల్లీలో ఆ బలం లేదు. దానికి మందు వేరే ఉంది, చివర చెబుతాను.

ఇక వేగం సంగతి. "100 తీసుకోండి, 200 తీసుకోండి" అని అమ్మేవాడు చెబుతాడు. చక్కని బొమ్మతో సినిమా చూడడానికి సుమారు 5 మెగాబిట్లు చాలు, వీడియో కాల్‌కు అంతకూడా అక్కరలేదు. నలుగురు మనుషులున్న ఇంటికి 30 సరిపోతుంది. మా బంధువు ఒకాయన వెనక గదిలో నెట్ రావడం లేదని పెద్ద ప్లానుకు మారాడు. అయినా రాలేదు. వెళ్ళి చూస్తే రౌటరు ముందు గదిలో ఇనుప బీరువా వెనుక ఉన్నది! దాన్ని తీసి నడవాలో గోడకు తగిలించాము. తరువాతి నెల పాత ప్లానుకు తిరిగి వచ్చాడు.

టీవీ విషయానికి వస్తే కథ కొంచెం చిక్కు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ సంస్థ, అనగా టెలికాం నియంత్రణ సంస్థ, కొత్త పద్ధతి పెట్టింది. బిల్లు రెండు ముక్కలు. ఒకటి తీగకు, బాక్సు నడపడానికి కట్టే స్థిర రుసుము. రెండవది మనం కోరుకొన్న పే ఛానళ్ళ ధర. ఛానళ్ళను గుత్తులుగా, అనగా బొకేలుగానైనా తీసుకొనవచ్చు, విడివిడిగానైనా తీసుకొనవచ్చు. ఉచిత ఛానళ్ళకు వేరుగా ధర లేదు. స్థిర రుసుము అప్పట్లో 100 ఛానళ్ళకు 130 రూపాయలకు మించరాదన్నారు, 2020లో అదే సొమ్ముకు 200 ఛానళ్ళు ఇవ్వాలన్నారు.

ఇక్కడ నాకు జరిగిన పరాభవం చెప్పితీరాలి. నేను పత్రికలోంచి ఆ 130 రూపాయల వార్త కత్తిరించి దాచుకొన్నాను. పోయిన ఏడాది దాన్ని జేబులో పెట్టుకొని మా కేబుల్ ఆపరేటరు దుకాణానికి వెళ్ళి, నలుగురి ముందు, "చట్టం ఇట్లా ఉంటే నువ్వెట్లా ఎక్కువ తీసుకుంటావు?" అని గట్టిగా అడిగాను. అతను ఓపికగా, "మాస్టర్ సాబ్, ఆ హద్దు 2024 జూలైలోనే తీసేసిండ్రు. ఇప్పుడు ఎవరి రుసుము వాళ్ళదే" అని ఫోనులో చూపించాడు. నిజమే. నా విద్యార్థులెవరూ అక్కడ లేరు, అంతవరకు నయం. కాబట్టి 130 అని చట్టంలో ఉందని పోట్లాటకు పోకండి. హద్దు పోయిందంటే ఆపరేటరు పెంచనూవచ్చు, తగ్గించనూవచ్చు. పోట్లాటకు తావు పోయింది గాని బేరానికి తావు వచ్చింది.

ఆ రోజే అతను చాయ్ తెప్పించి కూర్చోబెట్టాడు. ఇద్దరం నా బిల్లు ముందు వేసుకొన్నాము. నా బొకేలో నలభైకి పైగా ఛానళ్ళు. మా ఇంట్లో చూచేవి లెక్కిస్తే తొమ్మిది. ఇంగ్లీషు సినిమాలవి, అరవ భాషవి, మూడు రకాల క్రికెట్టువి, అన్నింటికీ నేను డబ్బు కడుతున్నాను. ఆ తొమ్మిదింటిలో మూడు ఉచితమైనవే. కాని తొందరపడి అన్నీ విడిగా తీసుకొంటే మోసపోతాము. నాలుగు పెద్ద తెలుగు ఛానళ్ళు విడిగా తీసుకొంటే ఒక్కొక్క చోట బొకే ధరను మించుతుంది. కాగితం మీద రెండు విధాలా కూడి చూడవలె. నేను కూడి చూస్తే ఒక చిన్న తెలుగు బొకే, విడిగా రెండు ఛానళ్ళు, అంతే తేలింది. నెలకు 140 తగ్గింది. ఇంట్లో రెండో టీవీ ఉన్నవారు దానికి స్థిర రుసుము ఎంత వేస్తున్నారో అడగండి. మొదటిదానికంత కడుతుంటే తగ్గించమనండి.

రంజాను నెలలో మనలో చాలామంది టీవీ ముట్టరు. వేసవిలో నెలంతా ఊళ్ళో ఉండరు. డీటీహెచ్ వారికైనా, కేబుల్ వారికైనా ముందుగా చెప్పి కొంతకాలం ఆపించుకొనవచ్చు. తిరిగి తెరవడానికి ఎంత తీసుకొంటారో మాత్రం ముందే అడగండి. ఏ పే ఛానలూ అక్కరలేదనుకొనేవారికి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్నది. ఒకసారి డిష్షు, బాక్సు కొనుక్కొంటే నెలసరి రుసుము లేదు.

ఒక మాట. కేబుల్ ఆపరేటరు చాలా చోట్ల మనవాడే, లేదా మన పొరుగువాడే. మనం కట్టే సొమ్ములో పెద్ద వాటా ఛానళ్ళ కంపెనీలకు, పై పంపిణీదారునికి పోతుంది. అతనికి మిగిలేది కొంతే. చూడని ఛానళ్ళు తీయించండి. అంతేగాని అతను నిచ్చెన వేసుకొని వానలో మన తీగ సరిచేసినందుకు ఇచ్చే నాలుగు రూపాయల దగ్గర గీసి గీసి బేరమాడవద్దు. అది నాకు ఇష్టం లేదు. కొందరు సభ్యులు ఒప్పుకోకపోవచ్చు.

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. వితంతువు, ఒంటరి. నెట్ బిల్లు కొడుకు గల్ఫు నుంచి ఆన్‌లైన్లో కడతాడు. ఒకరోజు ఆమె, "బేటా, కొంచెం చూడు" అని ఫోను నా చేతికిచ్చారు. సినిమాల యాప్‌లు పద్నాలుగు కలిసిన ప్లాను, పన్ను కాక 999. ఆమె ఆ నెట్‌తో చేసేది ఒక్కటే పని, రాత్రి ఇషా తరువాత కొడుకుతో వీడియోలో మాట్లాడడం. కొడుకుకు ఫోను చేసి చెబితే, "మాస్టర్ సాబ్, అమ్మీకి లోటు ఉండకూడదని పెద్దది పెట్టాను" అన్నాడు. "అమ్మీకేమో నీ డబ్బు ఖర్చవుతుందని చెప్పడానికి మొహమాటం" అన్నాను. 399 ప్లానుకు మార్చాము. మిగిలిన ఆరు వందలు ఆమె బీపీ మాత్రలకు సరిపోతున్నాయి.

ఆ కబురు ఎట్లా పోయిందో గాని, వారంలోపల ఆమెకు ఒక ఫోను వచ్చింది. "మీ నెట్ బిల్లు సగం చేస్తాము, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పండి" అన్నారట. అదృష్టవశాత్తు ఆమె నన్ను అడిగారు. తల్లులారా, తగ్గింపు కోసం మనం కంపెనీకి ఫోను చేయాలి, బిల్లు మీద ఉన్న నంబరుకు. తగ్గిస్తామని వాళ్ళంతట వాళ్ళు ఫోను చేసి ఓటీపీ అడిగితే ఫోను పెట్టేయండి.

మాట తప్పితే ఏం చేయాలని కొందరు అడిగారు. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు అనే ఒక సంఖ్య ఇస్తారు. అది వ్రాసిపెట్టుకోండి. నెట్ కంపెనీ విషయంలో, జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అధికారి ఒకరు ఉంటారు. ముప్పై రోజులలోగా ఆయనకు వ్రాయవచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును తీసుకోదు, అక్కడికి వ్రాసి ఎదురుచూడకండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది, టీవీకైనా నెట్‌కైనా. నెట్ చెడిపోయి మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే బిల్లులో తగ్గించవలసిన బాధ్యత కంపెనీది. ఫిర్యాదు చేసిన తేదీ మీ దగ్గర ఉంటేనే అది అడగగలరు.

ఒక్క తీగే ఉన్న గల్లీ సంగతి చివర చెబుతానన్నాను. మా వెనక గల్లీలో పద్నాలుగు ఇళ్ళవారు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేసి, అవతలి రోడ్డు మీద తీగ ఉన్న మరొక కంపెనీ ఏరియా మేనేజరుకు ఇచ్చారు. ఒక్క ఇంటికైతే తీగ లాగననేవాడు పద్నాలుగు ఇళ్ళకు వారంలో లాగాడు. బిగించే ఛార్జీ ఎవరినీ అడగలేదు. అది చూచి పాత కంపెనీవాడు కూడా ధర దించాడు. సగంమంది పాతవాని దగ్గరే ఉండిపోయారు, తక్కువకు. మన సంఘం సభ్యులు ఒకే గల్లీలో పది పదిహేను ఇళ్ళున్న చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ కాగితం నమూనా నా దగ్గర ఉంది.

వచ్చే రెండు ఆదివారాలు జొహర్ నమాజు తరువాత నేను సంఘం కార్యాలయంలో కూర్చుంటాను. మూడు నెలల బిల్లులు తీసుకొని రండి. ఫోనులో ఉంటే ఫోనే తీసుకొని రండి. కళ్ళజోడు మరువకండి, ఆ అక్షరాలు చాలా చిన్నవిగా వేస్తారు.