ఫైటర్ చేప సొంత నీళ్ళు

 

సంఘం ఉత్సవంలో మైకు పట్టుకున్నవాళ్ళు మన పండుగల గురించో, పోరాటాల గురించో మాట్లాడతారని మీరు అనుకుని ఉంటారు. మేము ఒక చేప గురించి మాట్లాడతాం. అది చూపుడు వేలంత కూడా ఉండదు. మన దేశపు చేప కూడా కాదు. అయినా దాని కథ వింటున్నంతసేపూ మన వాగులే గుర్తొచ్చాయి మాకు. అందుకే ఎంచుకున్నాం.

పట్నంలో హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు దాన్ని అక్వేరియం దుకాణాల్లో చూసే ఉంటారు. మిగతా చేపలన్నీ పెద్ద తొట్లలో గుంపుగా తిరుగుతుంటే, ఇది మాత్రం ఒక చిన్న సీసాలో ఒంటరిగా ఉంటుంది. పట్టుచీర కుచ్చిళ్ళలాంటి రెక్కలు, ఎరుపో నీలమో మెరిసే రంగు. దుకాణంలో దాన్ని ఫైటర్ అంటారు. రెండు మగవాటిని ఒకే నీళ్ళలో వేస్తే పొడుచుకుంటాయి కాబట్టి విడిగా ఉంచుతారు. దానికి కొంచెం నీళ్ళు చాలంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. దాని మొప్పల పైన ముడతలు ముడతలుగా ఒక అవయవం ఉంటుంది. దాంతో పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకని సీసాలో కూడా చావకుండా ఉంటుంది. చావకపోవడం వేరు, బతకడం వేరు.

మరి అది బతికే చోటు ఎక్కడ? థాయ్‌లాండ్, కంబోడియా, మలేషియా, ఇండోనేషియా వైపు. దుకాణంలో చూసే చేపకు మూలమైన అడవి రకం థాయ్‌లాండ్ వరి పొలాల్లో, కాలువ గట్ల కింద, గడ్డి మునిగిన పల్లపు నీళ్ళలో ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని 'ప్లా కట్' అంటారు, అంటే కరిచే చేప. మన సంతల్లో కోడిపందెం ఎట్లాగో అక్కడ ఈ చేపల పందెం అట్లాగ. మనుషులు దీన్ని కనీసం వెయ్యేళ్ళుగా పెంచుతున్నారని 2022లో వచ్చిన ఒక జన్యు పరిశోధన తేల్చింది. 2019లో థాయ్‌లాండ్ ప్రభుత్వం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది.

అడవి ఫైటర్ కోసం వెతికేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. కొందరు శాస్త్రవేత్తలు, కొందరు ఇష్టంకొద్దీ వెళ్ళేవాళ్ళు. మేము అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు రాసినవి చదివాం, తీసిన వీడియోలు చూశాం. ఎట్లా వెతుకుతారో చెబితే మీకు నవ్వొస్తుంది, ఎందుకంటే అది మన పిల్లలు సెలవుల్లో చేసే పనే. మోకాలి లోతు కూడా లేని నిలవ నీటిలో దిగుతారు. ముందు వల వెయ్యరు, చూస్తారు. నీటి మీద, ఏదైనా ఆకు చాటున, సబ్బు నురగలాంటి చిన్న ముద్ద కనబడుతుందా అని. కనబడితే దాని కింద మగ చేప ఉంటుంది. ఆ నురగ అదే కట్టుకున్న గూడు. గాలి మింగి, నోటి జిగురుతో కలిపి బుడగ బుడగగా వదిలి కడుతుంది. ఆడది గుడ్లు పెడితే, కిందికి జారే వాటిని మగది నోటితో ఏరుకొచ్చి బుడగల మధ్య పెడుతుంది. తర్వాత ఆడదాన్ని కూడా దగ్గరికి రానివ్వదు. పిల్లలు ఈదేదాకా కాపలా దానిదే. మేము ఇది చదివినప్పుడు మాలో ఒక అక్క 'మగాళ్ళు చూసి నేర్చుకోవాలి' అంది. ఆ మాట మీదాకా చేర్చమని కూడా అంది.

నురగ కనబడకపోతే గడ్డి దుబ్బుల కిందికి జల్లెడో, చేతివలో మెల్లగా తోసి ఒక్కసారి పైకి లేపుతారు. బురద, కుళ్ళిన ఆకులు, రొయ్య పిల్లల మధ్య ఒక మట్టిరంగు చేప ఎగురుతుంది. అక్కడే చాలామందికి నిరాశ. కుచ్చిళ్ళు ఉండవు, రంగూ పెద్దగా ఉండదు. ఆ పొడవాటి రెక్కలన్నీ మనుషులు తరతరాలుగా ఏరి పెంచినవి. అడవిలో అంత రెక్క ఉంటే అది ఈదలేదు, పారిపోలేదు. కానీ దాన్ని గాజు గ్లాసులో వేసి పక్కన ఇంకో మగదాన్ని పెట్టి చూడండి. చెంపలు విప్పుతుంది, ఒళ్ళు నల్లబడుతుంది, పొలుసుల మీద పచ్చ, నీలం మెరుపులు లేస్తాయి. అసలు రంగు ఆ కాసేపే. పొలంలో పోట్లాట కూడా కాసేపే, ఓడినది గడ్డిలోకి దూరి తప్పించుకుంటుంది. తప్పించుకునే చోటు లేని సీసాలోనే అది చావు దాకా పోతుంది.

ఇక పేర్ల సంగతి. ఈ చేపల జాతికి శాస్త్రంలో 'బెట్టా' అని పేరు. 1850లో బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు పెట్టాడు. ఆ మాట ఆయన సొంతం కాదు, జావా పల్లెల్లో ఆ చేపను పిలిచే పేరులోంచి తీసుకున్నాడు. ప్రపంచమంతా పలికే పేరు ఊరివాళ్ళ నోటిది. బయటివాళ్ళు సొంతంగా పెట్టిన పేర్లు మాత్రం ఒక్కోసారి తమాషాగా ఉంటాయి. 'పగ్నాక్స్' అంటే లాటిన్‌లో పోట్లాడేది. ఆ పేరున్న చేప వాగుల్లో ఉండే నెమ్మదైన చేప. పారే నీళ్ళలో నురగ గూడు నిలవదు కదా, అందుకని దాని మగది గుడ్లను నోట్లో పెట్టుకుని రోజుల తరబడి మోస్తుంది. 'ఇంబెల్లిస్' అంటే యుద్ధం చెయ్యనిది. ఆ చేపను మాత్రం ఊళ్ళల్లో పందేలకు దింపుతారు!

బ్యాంకాక్ దగ్గర సముత్ సాఖోన్ అనే చోట, సముద్రపు ఉప్పు కలిసే నీళ్ళలో, నీపా తాటి మట్టల మొదళ్ళలో ఒక పచ్చటి ఫైటర్ ఉంది. ఊరివాళ్ళు, అక్కడి పెంపకందార్లు ఇది వేరే చేప అని ఎప్పటినుంచో అంటున్నారు. పెంపుడు చేపలు తప్పించుకుని కలిసిపోయిన సంకరం కావచ్చని బయట కొందరు అనుమానించారు. చివరికి డీఎన్‌ఏ చూసి, 2012లో 'బెట్టా మహాచైయెన్సిస్' అని కొత్త జాతిగా రాశారు. మహాచై అంటే ఆ ఊరి పేరే. 'కనిపెట్టిన సంవత్సరం 2012' అంటే నమ్ముతారా మీరు? పుస్తకంలోకి ఎక్కిన సంవత్సరం అది. ఆ ఊరి పిల్లలు అంతకుముందు ఎన్నేళ్ళనుంచి పడుతున్నారో!

వరి పొలాల సంగతి ఇట్లా ఉంటే, చాలా రకాల ఫైటర్లు ఉండే ఇంకో చోటు ఉంది. ఇంగ్లిషులో పీట్ అడవి అంటారు. మలేషియా, సుమత్రా, బోర్నియోల్లో నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండే అడవులు. రాలిన ఆకు, కొమ్మ పూర్తిగా కుళ్ళవు, మీటర్ల మందాన పేరుకుపోతాయి. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయి, పుల్ల మజ్జిగను మించిన ఆమ్లం. నాటుబాదం ఆకు నీళ్ళలో వేస్తే రంగు దిగుతుంది చూశారా, ఆ పద్ధతే. ఫైటర్లు పెంచేవాళ్ళు ఈనాటికీ తొట్టిలో ఎండు బాదం ఆకు వేస్తారు. ఆ నల్ల నీళ్ళలో, వేళ్ళ సందుల్లో, ముదురు ఎరుపు రంగులో రెండు మూడు సెంటీమీటర్ల ఫైటర్లు ఉంటాయి. కొన్ని రకాలు ఒకటి రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా ఉండవు. ఆ అడవికి కాలువ తవ్వి నీళ్ళు దించితే చేప పోవడానికి ఏళ్ళు పట్టదు. ఎండిన పీట్ నేల అంటుకుంటే భూమి లోపల కాలుతూనే ఉంటుంది. 2015లో ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. అందులో దాదాపు మూడో వంతు ఇట్లాంటి నేల. నీళ్ళు దించేది ఎక్కువగా పామాయిల్ తోటల కోసం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ కొనేది మన దేశం. సంతలో మనం తినే బజ్జీ కూడా ఈ కథలో ఉందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మలేషియాలో సెలంగోర్ అనే రాష్ట్రం ఉంది, రాజధాని కౌలాలంపూర్ చుట్టూ. అక్కడ కౌలా లంగాట్ ఉత్తర అడవి అని ఒక పీట్ అడవి. దాని అంచున తెమువాన్ అనే ఆదివాసులు ఉంటారు. ఆ దేశంలో ఆదివాసులను ఒరాంగ్ అస్లీ అంటారు, అంటే మూలవాసులు. మన మాటే. సెలంగోర్ పీట్ నీళ్ళలో తప్ప ఇంకెక్కడా లేని ఒక ఎర్ర ఫైటర్, 'బెట్టా లివిడా', ఈ అడవిలో ఉంది. 2020 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ 957 హెక్టార్ల రిజర్వు అడవిలో దాదాపు 97 శాతాన్ని రిజర్వు నుంచి తీసేస్తామని ప్రతిపాదించింది. కట్టడాల కోసం. తెమువాన్లు అభ్యంతరాలు రాసి ఇచ్చారు, పట్నం నుంచి పర్యావరణ సంఘాలు తోడొచ్చాయి. 2021లో సగానికి పైగా తీసేసినట్టు బయటపడింది. గోల పెరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించాడు.

తెమువాన్లు చేప కోసం కొట్లాడలేదు. తమ పూర్వీకుల అడవి కోసం, మందు మొక్కల కోసం, వేట కోసం కొట్లాడారు. కానీ వాళ్ళు నిలబడ్డందుకు ఆ చేప నీళ్ళు కూడా నిలబడ్డాయి. చేప కోసం వేల మైళ్ళు దాటి వచ్చేవాళ్ళు ఈ మాట ఎక్కువగా రాయరు. చేపను పట్టుకున్న ఫొటో పెడతారు. ఆ నీళ్ళు ఇంకా అక్కడ ఉండటానికి ఎవరు కారణమో ఫొటోలో ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త చేప దొరికిందని చోటు పేరుతో సహా అచ్చువేస్తే, ఆ పేరు పట్టుకుని వ్యాపారులు దిగుతారు. చిన్న మడుగులో ఉండే చేపను ఒక్క సీజన్‌లో ఊడ్చెయ్యొచ్చు. అందుకే బుద్ధిమంతులైన అన్వేషకులు ఇప్పుడు జిల్లా పేరు దగ్గరే ఆగిపోతున్నారు. మీ ఫోన్లు ఫొటోతో పాటు చోటు కూడా రాసుకుంటాయి. వాగులో అరుదైనది ఏదైనా కనబడితే రీల్ పెట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

మన నీళ్ళలో ఫైటర్ లేదు. దాని చుట్టం ఉంది, మన కొర్రమీను. శాస్త్రం రెండిటినీ ఒకే పెద్ద కుటుంబంలో పెడుతుంది. కొర్రమీను కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది, పిల్లల గుంపు చుట్టూ కాపలా కాస్తుంది. ఆ ఎర్రటి పిల్లల గుంపు మీద తల్లి ఉందని తెలిసి మన పెద్దవాళ్ళు వల వెయ్యకుండా పక్కకు పోవడం మాలో చాలామందిమి చూశాం. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. కొర్రమీను సంగతి సరే, మిగతావి? వాగులో, గెడ్డలో వేలంత చేపలు ఎన్ని రకాలు? తాతకు ఎన్ని పేర్లు తెలుసు, మనకు ఎన్ని తెలుసు? మా బృందంలో లెక్కపెట్టి చూస్తే తాతలకు ఇరవై దాటాయి, మాకు ఏడు దగ్గర ఆగిపోయాయి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం భూమి పట్టాల కోసం మాత్రమే అని చాలామంది అనుకుంటారు. మూడో సెక్షన్ చదవండి. నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద సముదాయానికి హక్కు అందులో ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించి మన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయ మేధో హక్కు కూడా ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. రిజిస్టర్ ఉందో లేదో మీ పంచాయతీలో అడగండి. ఉంటే చేపల పేజీ తెరిచి చూడండి. ఎవరో వచ్చి ఒక పూటలో రాసుకుపోయిన పేర్లే ఉంటే, తాతలను తీసుకుపోయి మళ్ళీ రాయించండి. ఏ పేర్లు, ఏ చోట్లు బయటికి చెప్పాలో, ఏవి చెప్పకూడదో గ్రామసభలో కూర్చుని మనమే తేల్చుకుందాం.

దుకాణంలో కొన్న ఫైటర్‌ను విసుగొచ్చి వాగులో వదలకండి, చెరువులో కూడా వదలకండి. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో అడిలైడ్ నది పల్లాల్లో ఎవరో వదిలినవి పిల్లలు పెట్టి స్థిరపడిపోయాయి. థాయ్‌లాండ్‌లోనైతే పెంపుడువి తప్పించుకుని అడవి వాటితో కలిసిపోవడమే పెద్ద బెంగ. ఇంట్లో పెంచుకుంటే మూత ఉన్న పెద్ద తొట్టి పెట్టండి, ఒక బాదం ఆకు వెయ్యండి.

వానాకాలం మొదటి నీళ్ళకు చేపలు పొలాల్లోకి ఎక్కుతాయి. ఆలోగా ప్రతి గూడెం నుంచి ఇద్దరు చొప్పున పేరు ఇవ్వండి. ఒక నోటుబుక్, ఒక పెన్ను, ఒక గాజు గ్లాసు, ఇంట్లో ఉన్న జల్లెడ చాలు. చేపను గ్లాసులో చూడండి, ఫొటో తియ్యండి, అక్కడే వదిలెయ్యండి. పేరు మాత్రం మన భాషలో ఎట్లా పలుకుతామో అట్లాగే రాయండి. తెలుగులో ఏమంటారో తర్వాత చూసుకుందాం. తాతలు కాదన్న పేరు కొట్టెయ్యకండి, పక్కన రెండోది రాయండి. ఒక్కో గూడెంలో ఒక్కో పేరు ఉంటుంది.