గడప దాటే తొలి అడుగు

స్కాట్లండ్‌లో డిసెంబర్ 31 రాత్రిని హాగ్మనే అంటారు. అర్ధరాత్రి దాటాక గడప తొక్కే మొదటి మనిషిని బట్టి ఆ ఇంటికి ఏడాదంతా శుభమో కాదో చెప్పేవారు. మనవాళ్లు ఎదురొచ్చినవాళ్లను బట్టి శకునం చూసినట్టే! నల్లజుట్టు, పొడుగాటి మగవాడు వస్తే శుభం. ఎర్రజుట్టువాళ్లు వస్తే మొహం చిట్లించేవారు. పాపం, వాళ్ల తప్పేముంది?

వచ్చినవాడు ఉత్త చేతులతో రాకూడదు. బొగ్గు ముక్క తేవాలి, పొయ్యి ఆరకుండా. షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్టు తేవాలి, తిండికి లోటు రాకుండా. విస్కీ సంగతి వేరే చెప్పాలా!

కొత్త సంవత్సరానికే ఇంత సంబరం ఎందుకు? క్రైస్తవంలో వచ్చిన ప్రొటెస్టెంట్ మతసంస్కరణ తర్వాత అక్కడి చర్చి క్రిస్మస్ వేడుకలు వద్దంది. 1958 దాకా క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవే లేదు. కొత్త సంవత్సరానికి మాత్రం ఇప్పటికీ రెండు రోజుల సెలవు.