మోకాళ్ల నొప్పికి డబ్బా మాత్రలు: సంఘం ఎందుకు కొనలేదంటే

నూలు ధర, కూలి, బకాయిల సంగతి అధ్యక్షులవారు చెప్పేశారు. మేము మోకాళ్ల సంగతి మాట్లాడతాం. నవ్వకండి, ఇక్కడ సగంమంది చెయ్యి ఆనించి లేచేవాళ్లమే.

గుంట మగ్గంలో పొద్దస్తమానం కాలిచెక్కలు తొక్కుతాం. ఆడవాళ్లు నేలమీద కూర్చుని కండెలు చుడతారు. వయసు మీదపడేసరికి మోకాలు పట్టేస్తుంది. ఇక్కడి తమిళ డాక్టర్లు మూట్టు తేయ్‌మానం అంటారు, మనం కీళ్లు అరగడం అంటాం.

ఈమధ్య గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ అని డబ్బాలు ఇంటింటికీ వస్తున్నాయి. అరిగిన గుజ్జు మళ్లీ పుడుతుందని అమ్మేవాళ్ల మాట. సంఘమే టోకున కొని ఇప్పించండి, కూలిలో పట్టుకోండి అని కొందరు సభ్యులు అడిగారు. కుదరదన్నాం. కోపాలొచ్చాయి. కారణం చెప్పాలి కదా.

డాక్టరుగారిని అడిగాం, చదువుకున్న మన పిల్లలచేత చదివించుకున్నాం. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో 1583 మంది మోకాలినొప్పి వాళ్లకు 24 వారాలు మాత్రలిచ్చి చూశారు. 2006లో ఫలితం వచ్చింది. కొందరికి ఇవి, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఉత్తుత్తివి మింగినవాళ్లలోనే నూటికి 60 మందికి నొప్పి తగ్గింది! రెండు మందులూ కలిపి మింగినవాళ్లలో 67 మందికి. ఆ తేడా లెక్కకు నిలవదన్నారు. నొప్పి బాగా ఎక్కువున్న కొద్దిమందిలో మేలు కనిపించింది గాని, అది ఖాయమని వాళ్లూ అనలేదు. 2019లో అక్కడి కీళ్ల డాక్టర్ల సంఘం మోకాలికి ఇవి వద్దనే రాసింది.

అందుకని, పక్కింటి వదినకు తగ్గిందంటే అబద్ధమని మేము అనం. తగ్గే ఉంటుంది. ఈ నొప్పి కొన్నాళ్లు హెచ్చుతుంది, కొన్నాళ్లు తనంతటే తగ్గుతుంది. డబ్బా వల్లే తగ్గిందా అన్నదే మా అనుమానం.

ఇంకోటి. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల్లోంచి తీస్తారు. కాండ్రాయిటిన్ జంతువుల కీళ్ల గుజ్జులోంచి. నీచు ముట్టని ఇళ్లలో ఈ మాట చెప్పి అమ్మినవాడు మాకు కనబడలేదు. రొయ్యలు పడనివాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మింగేవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టకండి. చీటీ లేని పొడులైతే అసలే వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపే మోసగాళ్లున్నారు.

మరి ఏం చెయ్యాలి? తొడ కండ బలపడితే మోకాలికి బరువు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టి దించడం. రెండు కాళ్లకూ పదేసిసార్లు, రోజూ. ఖర్చు లేదు కాబట్టి ఎవరూ చెయ్యరు! ఒళ్లు ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. నొప్పి ఎక్కువైతే పైపూత మందులున్నాయి, డాక్టరు రాస్తారు.

వచ్చే నెల నుంచి కూలి ఇచ్చే శనివారం ఈ వ్యాయామం నేర్పే ఆయన సంఘం షెడ్డుకు వస్తారు. డబ్బు సంఘమే ఇస్తుంది, మీ కూలిలో పట్టం. వచ్చేటప్పుడు ఎక్స్‌రేలు, డాక్టరు చీటీలు, ఇప్పుడు మింగుతున్న డబ్బాలు కూడా తెచ్చుకోండి.