పర్వతధూమ పరీక్ష



తర్కశాస్త్రము నభ్యసించు బాలునకు గురువు మొట్టమొదట చెప్పు ఉదాహరణము మీలో పెక్కుమంది యెరుగుదురు. దూరమున కొండపై పొగ కానవచ్చుచున్నది. కావున అచ్చట నిప్పు కలదు. నిప్పు కలదని తేలుటతో ఆ యనుమానము ముగియును. ఆ నిప్పు ఎంత? ఎంత లోతున నున్నది? ఎప్పుడు పైకి వచ్చును? అని ఆ పొగనే మరల ప్రశ్నించిన యొక శాస్త్రజ్ఞుని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఆయన పేరు డేవిడ్ జాన్‌స్టన్. 1949లో అమెరికా దేశమున జన్మించెను. కళాశాలలో మొదట పత్రికారచన నేర్వబూని, పిదప భూగర్భశాస్త్రమునకు మరలెను. అలాస్కాలోని అగస్టీన్ అను అగ్నిపర్వతమును గూర్చి పరిశోధించి, 1978లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొంది, ప్రభుత్వ భూగర్భ పరిశోధనశాఖలో చేరెను.

భూమి లోపల కరగియున్న శిలలో నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, గంధకపు వాయువులు ఇమిడియుండును. గోలీసోడా బుడ్డిలో గోలీ బిగిసియున్నంతవరకు వాయువు నీటిలో అణగియుండి, గోలీని నొక్కినంతనే బుసబుస పొంగుట మీరెరిగినదే. కరగిన శిల పైకి వచ్చుకొలది దానిపై ఒత్తిడి తగ్గి, వాయువు విడివడును. దారియున్నచో పొగయై పోవును. లేనిచో పర్వతమునే పగులగొట్టును. కావున పొగలో ఏ వాయువు ఎంత యున్నదో కొలిచినచో లోపలి స్థితి కొంత తెలియవచ్చును. అందులకై జాన్‌స్టన్ పొగలు గ్రక్కు రంధ్రముల చెంతకు పోయి వాయువులను సేకరించుచుండెను.

వాషింగ్టన్ రాష్ట్రమున నూరేండ్లకు పైగా నిద్రించిన సెయింట్ హెలెన్స్ పర్వతము 1980 మార్చి 27న ఆవిరి గ్రక్కెను. దాని ఉత్తరపు ప్రక్క దినమునకు సుమారు 5 అడుగుల చొప్పున ఉబ్బసాగెను. జనులను దూరముగా నుంచవలెనని గట్టిగా చెప్పినవారిలో జాన్‌స్టన్ ఒకడు. అధికారులు దారులు మూసిరి. అచ్చట ఇండ్లు గలవారు విసిగి, తమ్ము పోనిండని పట్టుబట్టిరి. మే 17న కొందరిని సామానులు తెచ్చుకొన పోనిచ్చిరి. మరికొందరు మరునాడు 10 గంటలకు పోవలసియుండెను.

ఆ సాయంకాలము పర్వతమునకు సుమారు 6 మైళ్ల దూరమునగల పరిశీలనస్థానమున, సహోద్యోగికి బదులుగా, జాన్‌స్టన్ నిలిచెను. మరునాడు ఆదివారము ఉదయము 8 గంటల 32 నిమిషములకు భూమి కంపించి, ఉబ్బిన ప్రక్క జారిపడెను. బుడ్డిలోని గోలీ తొలగినట్లయ్యెను. వాంకూవర్ పట్టణమందలి తనవారికి రేడియోలో, "వాంకూవర్! వాంకూవర్! ఇదిగో, ఇదే!" అనిన మాటయే ఆయన తుదిపలుకు. అప్పటికి ఆయన వయస్సు 30 సంవత్సరములు. దేహము దొరకలేదు. పర్వతశిఖరము సుమారు 1,300 అడుగులు తరిగెను. 57 మంది మరణించిరి. పది గంటలకు పోవలసినవారు బ్రతికిరి. దారి మూయుడని చెప్పినవాడు తాను మాత్రము ముందు నిలిచి మడిసెను.

ఆ యుదయమున పొగ వేరు సూచన నేదియు నీయలేదు. గంధకపు వాయువు కొలతలు వెనుకటి రీతినే యుండెను. అంతమాత్రమున ఆ విద్య వ్యర్థమనరాదు. ఒక్క హేతువు చాలదనియు, పొగను, భూకంపములను, నేల యుబ్బును కలిపి చూడవలెననియు తరువాతివారికి దృఢపడెను. 1991లో ఫిలిప్పీను ద్వీపములలోని పినటుబో పర్వతమునుండి మే 13న దినమునకు సుమారు 500 టన్నుల గంధకపు వాయువు వెలువడుచుండగా, మే 28 నాటికది 5,000 టన్నులు దాటెను. పిదప ఒక్కసారిగా తగ్గెను. నిప్పు చల్లారెనని పామరుడు సంతసించును. శాస్త్రజ్ఞులో, లోపలి దారి మూసికొనెనేమోయని శంకించి, భూకంపముల తీరునుగూడ విచారించి, ప్రమాదము దాపురించెనని చాటిరి. అధికారులు వేలకొలది జనులను తరలించిరి. జూన్ 15న ఆ పర్వతము మహాభీకరముగా ప్రేలెను. వేలకొలది ప్రాణములు దక్కెను.

మన యేటికి వరద వచ్చునని, గట్టు దిగవలదని చెప్పువానిపై మనము విసుగుకొందుము. వరద రానినాడు వానిని జూచి నవ్వుదుము. హెచ్చరించువాడు సర్వజ్ఞుడు కాడు. గడియ విఘడియలు చెప్పలేడు. అయినను వాని మాటను మన్నించి దూరముగా నున్నవారే ఆ యాదివారము సాయంకాలము తమ బిడ్డలతో కూర్చుండి భుజించిరి. గ్రామమునకు పెద్దలైన మీరు ఈ సంగతిని పిన్నలకు చెప్పవలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.